కాలిన చేతులు, కొలిచిన నీళ్ళు

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. నా ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగమంతా ఆ ఆకులు ఊడబీకి కింద కడగడమే. ఒక్క ఆకులైతే సరే. పళ్ళ పేస్టు, పసుపు, ఇడ్లీ పిండి, కోడిగుడ్డు సొన, ఒకసారైతే పెన్నులో పోసే సిరా. మందస వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తొడ మీద ఏదో నల్లగా అట్టకట్టి ఉంటే, ఇదేటి మావా అని అడిగాను. "సెరువు మట్టమ్మా, సల్లగుంటాదని," అన్నాడు. చల్లగానే ఉంది. దాని కింద చీము కూడా హాయిగా చల్లగానే ఉంది.

నా పేరు పార్వతి. పలాస, టెక్కలి, సోంపేట, ఈ మూడింటి మధ్యే బదిలీలు తిరిగి హెడ్ నర్సుగా దిగిపోయాను. పేషెంట్లు ఎదురుగా సిస్టరమ్మా అనేవారు, వెనకాల రాకాసి అనేవారు. వెనకాల అనేవి నాకు వినబడవని ఎందుకనుకునేవారో తెలీదు, నాకు చెవుడేమీ లేదు. ఏ సంగతి ఏ ఆస్పత్రిలో జరిగిందో మాత్రం చెప్పను. అందులో ఉన్నవాళ్ళు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, ఒకరిద్దరు నాకు వియ్యంకుల వరస.

కొత్తగా నర్సులుగా చేరిన పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికొచ్చి, "మేడమ్, బర్న్స్ కేసుల గురించి చెప్పండి," అన్నారు. అందులో మంట తగిలి కాలినవి అందరికీ తెలుసు. తెలీనివి మిగతావి: మందులతో, సున్నంతో, జీడి రసంతో కాలినవి, కరెంటుతో కాలినవి, వెలుగుతో కాలినవి. పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే చదువుకోండమ్మా. పుస్తకంలో లేనిది మనిషి. వాడు మన ఊరివాడు, మన మాటే మాట్లాడతాడు, అయినా మనకి అర్థం కాడు. అది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నీళ్ళ డాక్టరు గారి చెవి

నేను చేరిన కొత్తలో మాకొక సర్జన్ గారుండేవారు. ఆయనకి ప్రపంచంలో మందంటే ఒక్కటే, కుళాయి నీళ్ళు. బ్యాటరీ యాసిడ్ పడిందా, నీళ్ళు. బాత్రూములు కడిగే మందు పడిందా, నీళ్ళు. చేతికున్న వాచీ విప్పి బల్ల మీద పెట్టి, అరగంటయ్యేదాకా పేషెంటుని కుళాయి కింద నుంచి కదలనిచ్చేవారు కాదు. మేమంతా ఆయన్ని నీళ్ళ డాక్టరు గారనేవాళ్ళం. ఒకసారి మా కాంపౌండరు, యాసిడ్ మీద వంటసోడా వేస్తే విరిగిపోతుంది కదా సార్ అని పొట్లం పట్టుకొస్తే, ఆ పొట్లం కిటికీలోంచి బయటికి పోయింది. "ఇది మనిషి చర్మమయ్యా, నువ్వు టెన్తులో చేసిన ప్రయోగం కాదు. రెండూ కలిస్తే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకోసారి కాలుతుంది," అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఈ రోజుకీ నిజమే. ఏం పడిందో కనుక్కునేలోగా కుళాయి తిప్పడం మొదలెట్టండి. కంట్లో పడితే ఇంకా ముందు తిప్పండి.

ఆయన లెక్క పదింట తొమ్మిదిసార్లు సరిపోయేది. పదోసారి తప్పింది.

జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే నీలమ్మ అనే ఆవిడ వచ్చింది. జీడిపిక్క పెంకులో ఉండే రసం సంగతి ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తుమ్మజిగురులా అంటుకుంటుంది, చర్మాన్ని తినేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి, నల్లగా పొరలు పొరలుగా లేచిపోయి ఉంటాయి. నీలమ్మకి రసం డబ్బా ఒలికి మోచేతుల దాకా పడింది. డాక్టరు గారు అలవాటు ప్రకారం వాచీ విప్పారు, ఆవిడని కుళాయి కిందికి తోశారు. రసం నూనెలాంటిది, నీళ్ళకి ఎందుకు పోతుంది? పోలేదు సరి కదా, నీళ్ళతో పాటు జారి మోచేతుల నుంచి పాదాల దాకా పాకింది.

"బాబూ, నీల్లకి పోదు బాబూ. నూనెకి పోద్ది," అంది నీలమ్మ.

"నువ్వు డాక్టరా, నేను డాక్టరా?" అన్నారాయన.

"తమరే బాబూ. మరైతే పిక్కలు కొట్టినది ఎవలు?"

ఆయనకి కోపమొచ్చింది. స్వయంగా ఆవిడ చేతులు పట్టుకుని రుద్దారు. గ్లౌజులు లేకుండా రుద్దారు. రుద్దుతూ రుద్దుతూ మధ్యలో చెవి గోక్కున్నారు. అది నేను చూశాను, చెప్పలేదు. కొత్త ఉద్యోగం, భయం. మర్నాటికి ఆ చెవి బూరెలా పొంగి, దాని పక్కన బుగ్గ కూడా పొంగి, మాస్కు కట్టుకుని వచ్చారు. నీలమ్మ కట్టు మార్పించుకోవడానికి వచ్చి ఆయన్ని చూసింది. నవ్వలేదు మహాతల్లి. కొంగున కట్టుకొచ్చిన చిన్న సీసా తీసి, "కొబ్బరి నూనె బాబూ, గుడ్డతో మెల్లగ తుడుసుకోండి, తరవాత సబ్బెట్టి కడుక్కోండి," అని ఇచ్చింది.

ఆయన గొప్పతనం ఏమిటంటే, ఆ సాయంత్రమే మా అందరినీ పిలిచి, జీడి రసానికి ముందు నూనె, తరవాత సబ్బు నీళ్ళు అని గోడ మీద కాగితం అంటించారు. కింద "నీలమ్మ చెప్పినది" అని కూడా రాశారు. ఇంత అహంకారి ఆ మాట రాయడం నేను మరెక్కడా చూడలేదు. ఆ కాగితం చిరిగిపోయేదాకా ఉంచాం.

నా చెంబెడు నీళ్ళు

ఇప్పుడు నా వంతు. డాక్టర్లని ఆడిపోసుకోవడం తేలిక.

రొయ్యల చెరువుల్లో సున్నం చల్లుతారు. ఎండలో చెమటలు కారుతుంటే ఆ బస్తాలు వీపు మీద మోసుకెళ్తారు. గురయ్య అని బీచి పక్క ఊరి మనిషి, వేట లేని రోజుల్లో చెరువు పనికి వెళ్ళేవాడు. బస్తా చిరిగి పొడి సున్నం వీపంతా పడింది. చెమటకి తడిసి మండుతూ వచ్చాడు. నేను సీనియర్ని, పక్కన డాక్టరు లేడు. నీళ్ళే మందు అని బుర్రలో ఉంది. ఆ రోజు కుళాయి రావడం లేదు. కుండలోంచి చెంబెడు ముంచి వీపు మీద పోశాను.

గురయ్య బల్ల మీంచి ఎగిరి దూకాడు. "అమ్మా, నాను బతికుండగానే ఉడకబెట్టేత్తన్నావు," అన్నాడు.

పొడి సున్నం మీద కొంచెం నీళ్ళు పోస్తే కుతకుతలాడుతుందని మా ఇంటికి వెల్ల వేసిన ప్రతిసారీ చూశాను. ఆస్పత్రిలోకి అడుగు పెట్టగానే మర్చిపోయాను. పొడి ఏదైనా ముందు బట్టలు విప్పించి, పొడి గుడ్డతోనో బ్రష్షుతోనో దులపాలి. ఆ తరవాత నీళ్ళు, అవి కూడా చెంబుతో కాదు, ధార ఆగకుండా. ఆ రోజు నేను కాల్చిన చోటు గురయ్య వీపు మీద చెంబు మూతంత మచ్చగా ఇప్పటికీ ఉంది. సోంపేట సంతలో కనిపిస్తే, "మా సిస్టరమ్మ ఏసిన ముద్ర," అని పదిమందికీ చూపిస్తాడు. నేను సిగ్గుపడి చేపల బుట్టల వెనక్కి తప్పుకుంటాను.

వెలుగు కూడా కాలుస్తుంది

వెల్డింగు కుర్రాళ్ళు నల్లద్దం పెట్టుకోరు. పగలంతా బాగానే ఉంటారు, పొద్దుగూకాక కళ్ళలో గుప్పెడు ఇసక పోసినట్టుందని ఏడుస్తూ వస్తారు. అప్పటికే కళ్ళ మీద బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని ఉంటారు. కూరకి పనికొచ్చే దుంప పాడవడం తప్ప దానివల్ల లాభం లేదు. కంటి డాక్టరుకి చూపించి మందు వేయించుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

క్యాన్సరుకి విశాఖపట్నంలో కరెంటు పెట్టించుకుని వచ్చినవాళ్ళు ఇంకో రకం. మన జనం రేడియేషన్ని కరెంటనే అంటారు. ఒకావిడకి రొమ్ము మీద, చంక కింద చర్మం ఎర్రగా కమిలి, తరవాత పచ్చిగా ఊడింది. ఇంకా కొన్ని రోజులు కరెంటు మిగిలే ఉంది. ఎక్కడ పెట్టాలో గుర్తు కోసం అక్కడి డాక్టర్లు చర్మం మీద గీతలు గీసి పంపారు. వాళ్ళ అత్తగారు, కోడలు ఇన్నాళ్ళు ఆస్పత్రిలో పడుకుని మురికి పట్టిందని, నలుగుపిండి పెట్టి ఆ గీతలన్నీ శుభ్రంగా తోమేసింది. ప్రేమతోనే తోమింది. నేను తిట్టడం మొదలెడితే ఆ ముసలావిడ, "గీతలు ఉంచాలని ఎవలైనా సెప్పినారా నాకు?" అంది. నేను కోడలికి చెప్పి ఉంటారనుకున్నాను. కోడలు, ఎవరో చెప్పారు గానీ ఆ రోజు బుర్రకెక్కలేదు అంది. అప్పుడు నాకు బుద్ధి రావలసింది. రాలేదు. ఇక నాకు బుద్ధి వచ్చిన కేసు చెప్తాను.

ఢిల్లేశు అరచెయ్యి

ఢిల్లేశు వజ్రపుకొత్తూరు మండలంలో కొబ్బరికాయలు దింపే మనిషి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మధ్యాహ్నం ఆటోలో వచ్చాడు, నడుచుకుంటూ లోపలికొచ్చాడు, నవ్వుతున్నాడు కూడా. పొట్టి చెట్లకి కాయ కోయడానికి వెదురు గెడ బదులు ఇనప గొట్టానికి కత్తి కట్టుకున్నాడు, తేలిగ్గా ఉంటుందని. అది పైనున్న పెద్ద కరెంటు తీగకి తగిలింది. పది అడుగుల దూరం విసిరేసిందట.

కుడి అరచేతిలో రూపాయి బిళ్ళంత తెల్లటి గుంట. ఎడమ మడమకి చిన్న చీలిక. అంతే.

"సిస్టరమ్మా, కట్టు కట్టేయండి. ఇంకా మూడు సెట్లున్నాయి," అన్నాడు.

పైన పటారం లోన లొటారం అంటారు కదా, కరెంటు దెబ్బ దానికి తిరగేసిన సామెత. పైన ఏమీ ఉండదు, లోపలంతా కాలిపోయి ఉంటుంది. కరెంటు చేతిలోంచి దూరి, కండలూ నరాలూ కాల్చుకుంటూ పోయి, మడమలోంచి బయటికి పోయింది. ఆ రెండు గుంటలు దాని రాకపోకల గుమ్మాలు. మధ్యలో ఇల్లంతా తగలబడింది, ఇంటివాడు ఇంకా నవ్వుతున్నాడు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు బాబు చిన్నవాడు, మీసం ఇంకా రావాలా వద్దా అని ఆలోచిస్తోంది. కానీ బుర్ర ఉన్నవాడు. గుండె పరీక్ష చేయించాడు, రెండు చేతులకీ కాక ఎడమ చేతికే రెండు సూదులు పెట్టించి సెలైను పెట్టమన్నాడు. ముంజేయి నొక్కి చూశాడు, కర్రలా బిగిసిపోయి ఉంది. వేళ్ళు చాపబోతే ఢిల్లేశు నవ్వు ఆగిపోయింది. ఉచ్చకి గొట్టం వేశాం. సంచిలోకి దిగింది చూస్తే బెల్లం పాకం రంగు.

"విశాఖపట్నం పంపించాలి మేడమ్. బండి వచ్చేదాకా సెలైను ఆపొద్దు, ధారగా పోనివ్వండి. గంటకి వంద మిల్లీలీటర్ల దాకా ఉచ్చ రావాలి," అన్నాడు. బండి ఇంకో కేసు మీద వెళ్ళింది, రావడానికి గంట పైన పడుతుందన్నారు.

కాలిన కండలోంచి దిగే రంగు రక్తంలో కలిసి కిడ్నీల్లో అడ్డం పడుతుంది. నీళ్ళు బాగా ఎక్కించి తోసెయ్యకపోతే కిడ్నీలు ఆగిపోతాయి. ఈ ఉద్దానం ఊళ్ళలో ఈ మాట ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి చూపిస్తే నేను దండం పెడతాను. ఢిల్లేశు అన్న కూర్మయ్యకి అప్పటికే మూడేళ్ళుగా డయాలసిస్ జరుగుతోందని ఆటోలో వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ ఇంట్లో సంపాదించేవాడు ఢిల్లేశు ఒక్కడే. వీడి కిడ్నీలు కూడా పోతే రెండు మంచాలు పక్కపక్కన పడతాయి, వండి పెట్టేవాళ్ళు మిగలరు.

రెండు సెలైన్లూ ధారగా వదిలి, శిరీష అనే కొత్త నర్సుని చూస్తూ ఉండమని, నేను పక్క గదిలో కట్లు కట్టడానికి వెళ్ళాను. పావుగంటకి వచ్చి చూస్తే సెలైను చుక్కచుక్కగా పడుతోంది. సూది పక్కకి తప్పిందేమో అని సరిచేసి మళ్ళీ ధారగా వదిలాను. ఇంకో పావుగంటకి వస్తే మళ్ళీ చుక్కలే. సంచిలో ఉచ్చ అడుగంటి ఉంది. నాకు ఒళ్ళు మండింది. శిరీషని పిలిచి, వార్డులో అందరి ముందూ, "నీకు జీతం ఇచ్చేది ఫోను చూసుకోడానికా? మనిషి చచ్చిపోతే నువ్వు తెస్తావా?" అని అరిచాను. ఆ పిల్ల, నేను ముట్టుకోలేదు మేడమ్ అంటూనే ఉంది. నేను వినిపించుకోలేదు. రాకాసి అని ఊరికే అనరు కదా.

మూడోసారి నేను వెళ్ళకుండా తలుపు పక్కనే నిలబడ్డాను. ఢిల్లేశు పెళ్ళాం తులసి మంచం పక్కన కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసింది. లేచి, సెలైను గొట్టానికుండే చిన్న చక్రం మీద బొటనవేలు పెట్టి, మెల్లగా, ఎంతో అలవాటైన చెయ్యిలా, కిందికి తిప్పింది. రెండోదీ తిప్పింది.

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "ఏటి సేత్తన్నావు? నీ మొగుణ్ణి నువ్వే సంపుకుంటావా?"

ఎంత కోపమొస్తే నాకు మా ఊరి మాట అంత బయటికొస్తుంది. తులసి భయపడలేదు. చెయ్యి విడిపించుకోలేదు కూడా.

"సంపడానికా సిస్టరమ్మా? బతికించుకోడానికే కట్టేసినాను. ఉచ్చ రంగు మారిపోనాది, సూసినాను. కిడ్నీ పోతన్నాది. కిడ్నీ పోయినోడికి నీరు కొలిసి ఇవ్వాలి గదా. మా బావగారు ఒక పెళ్ళిల రెండు గలాసులు ఎక్కువ తాగితే ఊపిరాడక సచ్చి బతికినాడు. మీరేమో సీసాల మీద సీసాలు ఎక్కించేత్తన్నారు. నాను సూత్తా ఊరుకోవాలా?"

"నీకెవరు చెప్పారు ఇదంతా?"

"మీరే సెప్పినారు. మా ఊరి బడికాడ మీటింగెట్టి, బొమ్మలు సూపించి, నీరు కొలవడం మీరే నేర్పినారు. నాను ముందు వరసల కూసున్నాను. ఆ దినం నుంచి మా బావగారికి సుక్క ఎక్కువ ఇవ్వనేదు."

ఆ మీటింగు నాకు గుర్తుంది. డయాలసిస్ పేషెంట్లున్న ఇళ్ళవాళ్ళకి నీళ్ళు కొలవడం నేర్పమంటే వెళ్ళాను. ముందు వరసలో కొంగు నడుముకి చుట్టుకుని, ఒక్కతే మూడు ప్రశ్నలడిగిన మనిషి ఈవిడే. నేను చెప్పిన పాఠం పొల్లుపోకుండా పాటించిన మనిషి నా జీవితంలో ఈవిడొక్కతే. ఆ పాఠంతోనే మొగుడి కిడ్నీలు ఎండగడుతోంది.

డాక్టరు బాబుకి అన్నీ తెలుసు. నాకు తెలుసు. శిరీషకి చెప్పాను. సెలైను పక్కన అడుగు దూరంలో కూర్చున్న మనిషికి మాత్రం అది ఎందుకు పెట్టామో ఎవ్వరం చెప్పలేదు. ఆవిడకి తెలిసింది ఆవిడ చేసింది.

తూములో బురద

స్టూలు లాక్కుని తులసి ఎదురుగా కూర్చున్నాను. ముందే చేయాల్సిన పని అది. రెండు నిమిషాలు పట్టింది, అంతకంటే పట్టలేదు.

"మీ బావగారిది పాడైపోయిన తూము తులసీ. నీరు వదిలితే బయటికి పోదు, పొలం మునుగుతాది. నీ మొగుడిది మంచి తూమే. కరెంటుకి లోపల కండ కాలి, ఆ బురద వచ్చి తూముకి అడ్డం పడతన్నాది. బురద పోవాలంటే ఏటి సేత్తారు?"

తులసి సంచి వైపు చూసింది. "నీరు ఒదిలేత్తారు," అంది. అని, తనే లేచి రెండు చక్రాలూ పూర్తిగా పైకి తిప్పేసింది. అప్పుడు ఏడ్చింది. "ఎంతసేపు కట్టేసినాను సిస్టరమ్మా? పాడైపోనాదా?" అని నా చెయ్యి పట్టుకుంది. అరగంట దాకా అయింది. పాడైపోయిందో లేదో నాకు తెలీదు. తెలీదనే చెప్పాను.

ఏడుపుకి టైము లేదు. నీళ్ళు కొలవడంలో ఉద్దానంలో ఈవిడని మించిన మనిషి లేదు కదా, ఆ పని ఆవిడకే ఇచ్చాను. సంచి మీద గీతలు చూపించి, గంటకి ఈ గీత దాటాలి, రంగు పల్చబడాలి, లేకపోతే బండిలో ఉన్నవాళ్ళని నిలదియ్యి, సిస్టరమ్మ చెప్పిందని చెప్పు అన్నాను. బండి వచ్చింది. వెళ్ళారు.

ఆ సాయంత్రమంతా తులసి ఫోను చేస్తూనే ఉంది. నరసన్నపేట దాటేం, ఇంకా బెల్లం పాకమే. శ్రీకాకుళం దాటేం, గీత దాకా రానేదు, బండి బాబుతో దెబ్బలాడినాను, సెలైను మార్చినాడు. రణస్థలం, గీత దాటినాది. తగరపువలస దగ్గర, "సిస్టరమ్మా, టీ రంగు. పల్సటి టీ," అంది. నేను వరండాలో బల్ల మీద కూలబడ్డాను. నాకు దేవుడి మీద నమ్మకం సగం సగమే, ఆ పూట మాత్రం ఇద్దరు ముగ్గురు దేవుళ్ళకి మొక్కాను.

శిరీషకి మర్నాడు అందరి ముందూ క్షమాపణ చెప్పాను. అందరి ముందు తిట్టి, చాటుగా సారీ చెప్పే పెద్దవాళ్ళని చాలామందిని చూశాను, నేనూ అంతకుముందు అలాంటిదాన్నే. ఆ పిల్ల, "పర్లేదు మేడమ్," అంది. పర్లేదని కాదు, వేరే ఏమనాలో తెలీక అంది.

ఢిల్లేశు కిడ్నీలు నిలిచాయి. డయాలసిస్ అవసరం పడలేదు. కుడి చెయ్యి మాత్రం నిలవలేదు. ఆ రోజే ముంజేయి కోసి లోపలి బిగువు వదిలించారు, అయినా కండ చచ్చిపోయింది, పది రోజులకి మణికట్టు పైదాకా తీసేశారు. చెట్టెక్కే మనిషికి కుడి చెయ్యి లేకపోవడమంటే ఏమిటో నేను రాయక్కర్లేదు. అది తులసి వల్ల పోలేదు, తీగ తగిలినప్పుడే పోయింది. ఆ మాట ఆవిడకి పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తలూపింది గానీ నమ్మినట్టు నాకు అనిపించలేదు.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు

వాళ్ళు ఇంటికొచ్చిన నెలన్నరకి ఒక ఆదివారం ఆటో కట్టించుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. కట్టు చూసి వద్దామని అనుకున్నాను. నిజానికి నా మనసు కుదుటపడక వెళ్ళాను.

వసారాలో మంచం మీద కూర్మయ్య కూర్చున్నాడు. సన్నగా, చేతికి డయాలసిస్ సూదుల బొడిపెలతో. పక్కన చిన్న స్టీలు గ్లాసు, దానికి గోళ్ళ రంగుతో గీసిన గీత. ఆ రోజు వాటా అందులో అడుగున కొంచెం ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

ఢిల్లేశు కట్టు విప్పి చూశాను, పుండు బాగా ఆరింది. నీళ్ళు బాగా తాగుతున్నావా అని అడిగాను. విశాఖపట్నం డాక్టర్లు రోజంతా తాగుతూ ఉండమని చెప్పి పంపారు. తాగుతన్నాను అన్నాడు గానీ నా మొహం చూడలేదు. కాసేపటికి తులసి కళ్ళతో సైగ చేసింది. ఢిల్లేశు లేచి పెరట్లోకి పోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. వంటింటి గోడ చాటున తులసి చెంబుతో నీళ్ళిస్తోంది, దొంగసారా తాగేవాడిలా గబగబా తాగుతున్నాడు.

"ఇక్కడ ఏల తాగుతన్నారు?" అన్నాను.

"మరెక్కడ తాగమంటారమ్మా? పొద్దస్తమానం దాహంతో నోరెండిపోతన్న మనిసి ముందర ఎలగ తాగుతాడు?" అంది తులసి. "గొంతులో గుటక సప్పుడు వినబడినా ఈయనకి సిగ్గే."

ఆవిడ మెల్లగానే అంది. కానీ వసారాకీ పెరటికీ మధ్య ఉన్నది తాటాకు దడి.

"ఒరే తమ్ముడూ, ఇటు రా," అన్నాడు కూర్మయ్య అటునుంచి.

ఢిల్లేశు వెళ్ళాడు. చెంబు చేతిలోనే ఉంది, ఎక్కడ దాచాలో తెలీక మొండి చేతి కింద పెట్టుకున్నాడు. తులసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"గోడ సాటున తాగుతన్నావని నాకు తెల్దనుకున్నావేటి? నెల్లాళ్ళ బట్టి తెలుసు," అన్నాడు కూర్మయ్య. "నువ్వు తాగకపోతే నాలాగ అవుతావు. అప్పుడు ఆ పిల్ల ఇద్దరికి కొలవాలి. నా ముందర తాగరా. నాను సూత్తాను."

ఢిల్లేశు కదల్లేదు. నేను ముప్ఫై మూడేళ్ళు మనుషుల మీద అరిచి బతికినదాన్ని, అయినా నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

చివరికి ఢిల్లేశు ఎడమ చేత్తో చెంబెత్తి అన్న ముందు నిలబడి తాగాడు. మొదట రెండు గుటకలు అడ్డం పడ్డాయి, తరవాత ఆపకుండా తాగాడు. కూర్మయ్య వాడి గొంతు వైపే చూస్తూ కూర్చున్నాడు. చెంబు ఖాళీ అయ్యాక తలుపు వైపు తిరిగి, "తులసమ్మా, ఇంకోటి తే," అన్నాడు.